పేరు మోసినవాళ్లు: డీట్రిష్ అనే పేరు గురించి

(సాయంత్రపు సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

జర్మనీలో చదువుకుంటున్నప్పుడు ఒక పాత ఇంట్లో, పై అంతస్తులో ఉండేవాణ్ని. ఒక సాయంత్రం గది తాళంచెవి కనబడలేదు. బయట మంచు. ఇల్లు చూసుకునే పెద్దాయన కిందనుంచి మెల్లగా మెట్లెక్కి వచ్చి, జేబులోంచి ఒక ఇనపకడ్డీ తీశాడు. జానెడు ఉంటుంది. కొసన వంచి, ఆ వంపుని సుత్తితో చదునుగా కొట్టారు. దాన్ని తాళం రంధ్రంలో పెట్టి, ఏదో వింటున్నట్టు తల వంచి, లోపల తడిమాడు. ఒకసారి, రెండుసార్లు. టక్‌మని తలుపు తెరుచుకుంది. ఇదేమిటండీ అని అడిగాను. "డీట్రిష్" అన్నాడు. తన పేరు చెబుతున్నాడనుకున్నాను. కాదు, అది చేతిలో ఉన్న కడ్డీ పేరు.

మనం మారుతాళం అంటామే, అలాంటిది. ఏ తాళానికీ సొంతం కాదు, పాతకాలపు తాళాల్లో చాలావాటిని తెరుస్తుంది. జర్మన్లు దాన్ని ఒక మనిషి పేరుతో పిలుస్తారు. 15వ శతాబ్దం నాటికే ఈ వాడుక ఉంది. ఆ రాత్రి నిఘంటువు తెరిచి చూశాను. డీట్రిష్: ఒకటి, పురుషుల పేరు. రెండు, దొంగ తాళంచెవి. పేరుకి అర్థం చూస్తే, ప్రజలను ఏలేవాడు. రాజుకి పెట్టాల్సిన పేరు తాళాలు తెరిచే ఇనపముక్కకి ఎలా వచ్చింది? అలా మొదలైన కుతూహలం నాకు ఇప్పటికీ తీరలేదు. ఇవాళ మీ ముందు నిలబడడానికి కారణం అదే.

మన భాషలో ఒక చక్కటి మాట ఉంది. పేరు మోసినవాళ్లు. ప్రసిద్ధి చెందినవాళ్లని అలా అంటాం. మోయడం అంటున్నాం, గమనించారా? పేరు ఒక బరువు, దాన్ని భుజాన వేసుకుని నడవాలి. ఈ మాట పట్టుకునే డీట్రిష్‌ల కథ చెబుతాను. ఎవరెవరు మోశారు, ఎలా మోశారు.

ముందు పేరు విప్పి చూద్దాం. ఉచ్చారణ గురించి ఒక మాట. చివర వచ్చే శబ్దం మన 'శ'కీ 'హ'కీ మధ్యలో ఉంటుంది, నాలుక అంగిలి దగ్గరకి వస్తుంది కానీ తగలదు. తెలుగులో అంత సరిగ్గా రాయలేం, డీట్రిష్ అనుకుందాం. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది 'డీట్'. పాత జర్మన్‌లో ఆ మాటకి జనం అని అర్థం. ఇవాళ జర్మన్లు తమ భాషని డాయిచ్ అంటారు కదా, దేశాన్ని డాయిచ్‌లాండ్ అంటారు కదా, అదీ ఈ జనం అనే మూలం నుంచి వచ్చిందే. చర్చిలో లాటిన్ నడుస్తున్న కాలంలో, లాటిన్ కానిది, మామూలు జనం మాట్లాడేది అనే అర్థంలో ఆ పదం పుట్టింది. అంటే మొదట అది దేశం పేరు కాదు. జనం నోట్లో ఉన్న భాష పేరు.

రెండో ముక్క 'రిష్'. ఏలేవాడు, బలవంతుడు. హైన్‌రిష్, ఫ్రీడ్‌రిష్, ఉల్‌రిష్, అన్నింట్లోనూ ఉన్నది ఇదే. ఇది ఎక్కడిదో తెలుసా? లాటిన్‌లో రాజుని 'రెక్స్' అంటారు. సంస్కృతంలో 'రాజన్'. మూడూ ఒకే మూలం నుంచి పాయలు పాయలుగా విడిపోయిన మాటలు. ఆ సంస్కృతం మాటే మన తెలుగులోకి 'రాజు' అయి వచ్చింది. ఈ హాల్లో రాజు అనే పేరున్నవాళ్లు ఒకరిద్దరైనా ఉండి ఉంటారు. అయ్యా, మీ పేరుకీ ఈ జర్మన్ పేరుకీ దూరపు చుట్టరికం ఉంది. చాలా దూరమే, కానీ చుట్టరికమే.

ఈ పేరు మోసినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సినవాడు నిజంగానే రాజు. మహా థియోడరిక్. గోత్‌లు అనే పాత జర్మానిక్ తెగకి రాజు. థియోడరిక్ అన్నా డీట్రిష్ అన్నా ఒకే పేరు, పాత రూపం, కొత్త రూపం. 454 ప్రాంతంలో పుట్టాడు. ఏడెనిమిదేళ్ల వయసులో అతన్ని తూర్పు రోమన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కి పంపారు. చదువుకని కాదు, బందీగా. మీవాళ్లు ఒప్పందం తప్పకుండా ఉండాలంటే మీ పిల్లవాణ్ని మా దగ్గర ఉంచండి, అదీ ఆనాటి పద్ధతి. పదేళ్లు చక్రవర్తి నగరంలో పెరిగాడు. పెద్దయ్యాక, 488లో, చక్రవర్తి జీనో సమ్మతితోనే తన జనాన్నంతా బండ్లకెక్కించుకుని ఇటలీ మీదికి బయలుదేరాడు. అక్కడ ఏలుతున్న ఒడొవాకర్‌ని ఓడించి, రవెన్నా కోటని ఏళ్ల తరబడి చుట్టుముట్టి, చివరికి ఇద్దరం కలిసి ఏలుకుందామని ఒప్పందం చేసుకున్నాడు. 493 మార్చిలో విందుకి పిలిచి, ఆ విందులోనే ఒడొవాకర్‌ని తన చేత్తో నరికేశాడు.

ఇంతేనా ఆ రాజు? కాదు, అందుకే అతని గురించి నిమ్మళంగా మాట్లాడాలి. ఆ తర్వాత 33 ఏళ్లు ఇటలీని ఏలాడు. పాడైపోయిన నీటి కాలవలు బాగుచేయించాడు. ఆయన కొలువులో కాసియోడోరస్ అనే పండితుడు రాసిన ఉత్తరాలు మిగిలాయి. జెనోవాలో ఉన్న యూదులకి పంపిన ఉత్తరంలో ఒక మాట ఉంది. మతాన్ని మేము ఆజ్ఞాపించలేం, ఇష్టం లేకుండా ఎవరూ నమ్మరు కాబట్టి, అని. ఆరో శతాబ్దం మొదట్లో ఒక రాజు నోట ఆ మాట! ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అదే రాజు ముసలితనంలో అనుమానంలో పడ్డాడు. బొయీథియస్ అని ఒక గొప్ప తత్త్వవేత్త, రాజు కొలువులోనే పెద్ద పదవిలో ఉన్నవాడు. రాజద్రోహం అంటగట్టి చెరలో పెట్టించాడు, 524 ప్రాంతంలో చంపించాడు. చావు కోసం ఎదురుచూస్తూ బొయీథియస్ చెరసాలలో రాసిన పుస్తకాన్ని యూరప్ వెయ్యేళ్లు చదువుకుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఒక డీట్రిష్, ఆలోచించే మనిషిని చెరలో వేశాడు. మళ్లీ ఇక్కడికే వస్తాం.

526లో పోయాడు. రవెన్నాలో సమాధి ఇప్పటికీ ఉంది. దాని పైకప్పు ఒక్క రాయి. పది మీటర్లకు పైగా వెడల్పున్న ఒకే ఒక్క రాయిని గుమ్మటంలా తొలిచి పైన పెట్టారు. చుట్టూ అంచున పన్నెండు రాతి కొక్కేలు పొడుచుకొచ్చి ఉంటాయి. కింద నిలబడి తలెత్తి చూస్తే ఒక పగులు కనబడుతుంది. ఎలా ఎత్తారు దాన్ని అన్న ప్రశ్న ముందు వస్తుంది, ఎవరి సమాధి అన్నది తర్వాతే.

ఇక చరిత్ర ఇక్కడితో ఆగింది, కథ మొదలైంది. జర్మన్ మాట్లాడే నేలంతా ఈ రాజు 'బెర్న్ డీట్రిష్' అయిపోయాడు. బెర్న్ అంటే స్విట్జర్లాండ్ ఊరు కాదు, ఇటలీలోని వెరోనాకి జర్మన్లు పెట్టుకున్న పాత పేరు. కథలో ఏం జరిగిందంటే, అంతా తారుమారైంది. నిజంగా దండెత్తి వచ్చినవాడు డీట్రిష్. కథలో మాత్రం అతను రాజ్యం పోగొట్టుకుని, ముప్ఫై ఏళ్లు పరాయి కొలువులో తలదాచుకున్న అభాగ్యుడు. జనం ఎందుకలా మార్చుకున్నారు? నాకు తోచింది చెబుతాను. గెలిచినవాడి పాట కొలువులో పాడతారు. రచ్చబండ దగ్గర పాడుకోవాలంటే నష్టపోయినవాడే కావాలి. మన అరణ్యవాసం కథలు చూడండి.

ఆ కథల్లో అన్నిటికంటే పాతది 'హిల్డెబ్రాండ్ పాట'. 830 ప్రాంతంలో ఫుల్డా మఠంలో ఇద్దరు సన్యాసులు ఒక మతగ్రంథం మొదటి పుటలో, చివరి పుటలో ఖాళీ ఉంటే అక్కడ రాసి పెట్టారు. 68 పాదాలు మిగిలాయి, అంతే. డీట్రిష్‌తో పాటు ఊరొదిలి వెళ్లిన యోధుడు హిల్డెబ్రాండ్. ముప్ఫై ఏళ్ల తర్వాత తిరిగొస్తుంటే, ఎదురు సేనలోంచి ఒక కుర్రవాడు ముందుకొస్తాడు. నీ తండ్రి ఎవరు అని అడుగుతాడు ముసలాయన. హిల్డెబ్రాండ్ అంటాడు వాడు, ఆయన ఎప్పుడో చచ్చిపోయాడు. నేనే నీ తండ్రిని అని చేతికున్న బంగారు కడియం తీసి ఇవ్వబోతే, ముసలి జిత్తులమారివి అని ఈటె ఎత్తుతాడు. యుద్ధం మొదలవుతుంది. డాళ్లు ముక్కలవుతుంటాయి... పుట అయిపోయింది. అంతే. రాయడానికి చోటు లేదు. మనకి అర్జునుడూ బభ్రువాహనుడూ తెలుసు. అక్కడ ఉలూచి మణి తెచ్చి తండ్రిని బతికిస్తుంది. ఇక్కడ బతికించేవాళ్లు కూడా రాలేదు, పుట అయిపోయింది.

ఆ రెండు పుటలకి ఇంకో చరిత్ర ఉంది. కాసెల్ నగరంలో భద్రంగా ఉన్నవి 1945లో, యుద్ధం ముగిసిన గందరగోళంలో మాయమై అమెరికా చేరాయి. ఒక పుట 1955లో, రెండోది 1972లో ఇంటికొచ్చాయి. ఆ పాటలో మన పేరు ఎలా ఉందో తెలుసా? 'థియోట్రిహ్'. థియోడరిక్ నుంచి డీట్రిష్‌కి నడుస్తూ మధ్యదారిలో ఉన్న రూపం.

అమ్మా, మీరేదో అడుగుతున్నారు... మార్లీన్ డీట్రిష్? అవును, సినిమా నటి. ఆమెకి అది ఇంటిపేరు. అక్కడ ఎన్నో ఇంటిపేర్లు ఒకప్పుడు తండ్రిపేర్లే. మార్లీన్ అన్నది మరియా, మగ్దలేనా కలిపి తనే కుట్టుకున్న పేరు. హిట్లర్‌ని కాదని 1939లో అమెరికా పౌరురాలై, హిట్లర్‌తో పోరాడే సైనికుల ముందు పాడింది. చెప్పాల్సింది చాలా ఉంది, కానీ ఇవాళ ఇంటిపేర్ల జోలికి వెళ్లను.

పేరు దేశాలు కూడా తిరిగింది. ఫ్రాన్సులో తియెర్రీ. హాలండులో డీడెరిక్, దాన్ని కుదిస్తే డిర్క్. బాస్కెట్‌బాల్ చూసే పిల్లలకి డిర్క్ నొవిట్స్కీ తెలుసు, అదీ ఈ పేరే. ఇంగ్లండు వెళ్లి డెరిక్ అయింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 1600 ప్రాంతంలో లండన్‌లో డెరిక్ అని ఒక తలారి ఉండేవాడు. జనం మొదట తలారిని డెరిక్ అన్నారు, తర్వాత ఉరికొయ్యని డెరిక్ అన్నారు, ఆ తర్వాత ఉరికొయ్యలా నిలబడి బరువులెత్తే యంత్రాన్ని డెరిక్ అన్నారు. మన కోనసీమలో, నరసాపురం వైపు, చమురు తవ్వేచోట కొబ్బరిచెట్ల మీదుగా ఇనపగోపురం కనిపిస్తుంది కదా? దాన్నీ డెరిక్ అనే అంటారు. పైన నిలబడి పనిచేసేవాణ్ని డెరిక్‌మాన్ అంటారు. గోత్‌ల రాజు పేరు గోదావరి డెల్టాలో ఉంది. ఆ పేరు ఉరికొయ్య మీదుగా వచ్చింది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

సరే, ఇప్పుడు సంగీతం దగ్గరికి వద్దాం.

డీట్రిష్ బుక్స్‌టెహుడె. బాల్టిక్ సముద్రం దగ్గర ల్యూబెక్ అనే వర్తకుల పట్టణం. అక్కడి మరియమ్మ చర్చిలో 1668 నుంచి 1707లో పోయేదాకా ఆర్గన్ వాయించాడు, దాదాపు నలభై ఏళ్లు. చర్చి లెక్కలు రాయడం కూడా ఆయన ఉద్యోగంలో భాగమే. క్రిస్మస్ ముందరి ఆదివారాల్లో సాయంత్రం కచేరీలు పెట్టేవాడు. టికెట్టు లేదు, ఊళ్లో వర్తకులు ఖర్చు భరించేవాళ్లు, ఎవరైనా వచ్చి వినొచ్చు. మన త్యాగరాజ ఆరాధనలకి వెళ్లినవాళ్లకి ఆ వాతావరణం వేరే చెప్పక్కర్లేదు.

ఆ కచేరీలు వినడానికి 1705లో ఒక ఇరవై ఏళ్ల కుర్రవాడు నడుచుకుంటూ వచ్చాడు. ఆర్న్‌స్టాట్ నుంచి ల్యూబెక్ దాకా, సుమారు 400 కిలోమీటర్లు. విజయవాడలో బయల్దేరి విశాఖ దాటి విజయనగరం చేరడం అన్నమాట. అదీ చలికాలం ముంగిట్లో, కాలినడకన. ఆ కుర్రవాడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్, తర్వాత పాశ్చాత్య సంగీతంలో మహా స్వరకర్త అయినవాడు. నాలుగు వారాలు సెలవు పెట్టి వెళ్లి నాలుగు నెలలు ఉండిపోయాడు. తిరిగొచ్చాక పైవాళ్లు నిలదీశారు. ఎక్కడికెళ్లావు, ఇన్నాళ్లేమిటి? నా విద్యలో ఒకటీ రెండూ తెలుసుకుందామని వెళ్లాను, అన్నాడు. ఆ విచారణ కాగితం ఇప్పటికీ ఉంది. ప్రపంచం బాఖ్‌ని తలుచుకుంటుంది, సబబే. కానీ ఆ నాలుగు నెలలు ఎదురుగా కూర్చోబెట్టుకున్నవాడు ఒకడున్నాడు. అరవై దాటిన ముసలాయన. గురువుల గురించి మనకి కొత్తగా చెప్పేదేముంది?

ఆ చర్చి 1942 మార్చిలో, మట్టల ఆదివారం ముందు రాత్రి, బ్రిటిష్ విమానాల బాంబులకి కాలిపోయింది. బుక్స్‌టెహుడె వాయించిన ఆర్గన్ ఒకటి బూడిదైంది. గోపురంలో గంటలు తెగి కింద పడ్డాయి. చర్చి మళ్లీ కట్టారు, గంటలు మాత్రం తీయలేదు. పడ్డచోటనే, పగిలిన రాతినేలలో సగం దిగబడి, ఒక పక్క నలిగిపోయి, అలాగే ఉన్నాయి. చుట్టూ ఇనపకంచె. నేను చూశాను. పిల్లలు కూడా అక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

ల్యూబెక్ కాలింది, నిజమే. అంతకు ముందు, 1940 నవంబరులో, ఇంగ్లండులో కొవెంట్రీ కాలింది, జర్మన్ బాంబులకి. అక్కడి పెద్ద చర్చి గోడలే మిగిలాయి. ఇంకో డీట్రిష్ అక్కడికి వెళ్లాడు. డీట్రిష్ ఫిషర్-డీస్కౌ, గాయకుడు. 1925లో బెర్లిన్‌లో పుట్టాడు. పదిహేడేళ్లకి మొదటి పెద్ద కచేరీ చేస్తుంటే విమానదాడి సైరన్ మోగింది. అందరూ నేలమాళిగలోకి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంటే, ఆపినచోట మొదలుపెట్టి పూర్తిచేశాడు. తర్వాత సైన్యంలోకి లాక్కెళ్లారు. ఇటలీలో అమెరికన్లకి చిక్కి రెండేళ్లు ఖైదీగా ఉన్నాడు. అక్కడ తోటి ఖైదీలకి పాడాడు. ఆయనకో అన్న, మార్టిన్. వైకల్యం ఉన్నవాడు. నాజీలు తీసుకెళ్లి, ఒక ఆశ్రమంలో పెట్టి, తిండి లేకుండా చంపేశారు. ఈ మనిషి గొంతులో ఆ అన్న ఉన్నాడని నేను నమ్ముతాను.

1962 మే 30. కొవెంట్రీలో పాత శిథిలాల పక్కనే కొత్త చర్చి కట్టారు. ఆ సందర్భానికి ఇంగ్లీషు స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ రాసిన సంగీతంలో ముగ్గురు గాయకులు ఉండాలనుకున్నాడు: ఒక ఇంగ్లీషు, ఒక రష్యన్, ఒక జర్మన్. రష్యన్ గాయనిని వాళ్ల ప్రభుత్వం రానివ్వలేదు, ఆమె బదులు ఇంకొకామె పాడింది. జర్మన్ వచ్చాడు. చివర్లో ఆయన పాడాల్సింది చచ్చిపోయిన సైనికుడి మాటలు. తనని చంపినవాణ్ని చీకట్లో కలుసుకుని, మిత్రమా అని పిలిచే సైనికుడు. బాంబులు వేసిన దేశం మనిషి, బాంబులు పడ్డ ఊళ్లో నిలబడి ఆ మాటలు పాడాడు. పాట అయ్యాక ఏడుపు ఆగక, ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదని తనే తర్వాత చెప్పుకున్నాడు.

ఇక ఆఖరి డీట్రిష్. ఇంకో పావుగంట కూర్చోండి.

డీట్రిష్ బోన్‌హోఫర్. 1906 ఫిబ్రవరి 4న బ్రెస్లావ్‌లో పుట్టాడు, కవల చెల్లెలు సబీనతో పాటు. తండ్రి పేరున్న మానసిక వైద్యుడు. ఈయన 21 ఏళ్లకే క్రైస్తవ వేదాంతంలో డాక్టరేటు పరీక్ష పూర్తిచేశాడు, తర్వాత పాస్టర్ అయ్యాడు. 1933 జనవరి 30న హిట్లర్ గద్దెనెక్కాడు. రెండు రోజులకి, ఫిబ్రవరి 1న, ఈ ఇరవై ఆరేళ్ల కుర్రవాడు రేడియోలో మాట్లాడాడు. నాయకుణ్ని దేవుణ్ని చేసుకుంటే ఆ నాయకుడు జనాన్ని తప్పుదోవ పట్టిస్తాడు, అన్నది సారాంశం. ప్రసంగం పూర్తికాకముందే ప్రసారం ఆగిపోయింది. జనాన్ని ఏలేవాడు అని పేరున్నవాడు, జనాన్ని ఏలేవాడు ఎలా ఉండకూడదో చెప్పబోయాడు.

మన దేశంతో ఈయనకి నిజమైన సంబంధం ఒకటుంది. బోన్‌హోఫర్‌కి గాంధీగారి దగ్గరకి రావాలని ఉండేది. సరదాకి కాదు. హింస చేయకుండా ప్రభుత్వాన్ని ఎదిరించడం ఎలాగో, కలిసి బతుకుతూ అది ఎలా నేర్చుకుంటారో పక్కనే ఉండి చూడాలని. ఇంగ్లండులోని చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్ ఈయన కోసం గాంధీగారికి ఉత్తరం రాశాడు. గాంధీగారు 1934 నవంబరు 1న జవాబు రాశారు, వచ్చి మాతో ఉండొచ్చని. ఊహించండి, ఆయన వార్ధాకి వచ్చి ఉంటే! రాలేదు. తన దేశంలో ప్రభుత్వానికి లొంగని చర్చి వాళ్లు, కుర్ర పాస్టర్లకి పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు, 1935లో అటు వెళ్లాడు. రెండేళ్లకి ఆ పాఠశాలని పోలీసులు మూసేశారు. 1939లో స్నేహితులు అమెరికా పిలిపించుకున్నారు, అక్కడే ఉండిపోతే బతికేవాడు. నెల దాటకముందే ఓడెక్కి వెనక్కొచ్చేశాడు. కష్టంలో నా జనంతో లేకపోతే, తర్వాత ఆ జనాన్ని బాగుచేసే పనిలో పాలుపంచుకునే హక్కు నాకుండదు, ఇదీ ఆయన రాసిన కారణం. నా జనం! పేరులో ఉన్న మొదటి ముక్క అదే కదా.

హిట్లర్‌ని తొలగించాలనుకున్నవాళ్లతో చేరాడు. 1943 ఏప్రిల్ 5న అరెస్టు. బెర్లిన్ టేగెల్ జైలు. బొయీథియస్ గుర్తున్నాడా? మొదటి డీట్రిష్ ఒక ఆలోచనాపరుణ్ని చెరలో వేశాడు. పధ్నాలుగు వందల ఏళ్ల తర్వాత, అదే పేరున్న ఆలోచనాపరుడు చెరలో కూర్చుని రాస్తున్నాడు. కాగితం ముక్కల మీద, దొంగచాటుగా బయటికి పంపించే ఉత్తరాల్లో. నేనెవరిని అని ఒక కవిత రాశాడు. బయటివాళ్లకి ధీమాగా కనిపించేవాడు నేనా, లోపల పంజరంలో పిట్టలా వణికేవాడు నేనా అని అడుగుతాడు. నిశ్చితార్థం చేసుకున్న అమ్మాయికి 1944 డిసెంబరులో ఇంకో కవిత పంపాడు. అది ఇప్పుడు జర్మన్ చర్చిల్లో కొత్త సంవత్సరానికి పాడుకుంటారు. నేను మొదటిసారి విన్నప్పుడు పక్కన నిలబడ్డ ముసలావిడ పుస్తకం తెరవలేదు, ఆవిడకి మొత్తం నోటికొచ్చు.

1945 ఏప్రిల్ 9 తెల్లవారుజామున ఫ్లోసెన్‌బ్యుర్గ్ అనే నాజీ నిర్బంధ శిబిరంలో ఉరితీశారు. 39 ఏళ్లు. రెండు వారాలకి, ఏప్రిల్ 23న, అమెరికన్ సైన్యం ఆ శిబిరం చేరింది. రెండే రెండు వారాలు.

బెర్లిన్‌లో తల్లిదండ్రులకి ఇదేమీ తెలియదు. ఉత్తరాలు లేవు, రైళ్లు లేవు. ఇంకో కొడుకునీ, ఇద్దరు అల్లుళ్లనీ నాజీలు ఆ ఏప్రిల్‌లోనే చంపారు. ఈ కొడుకు ఏమయ్యాడో చెప్పేవాళ్లు లేరు. జూలై 27న లండన్‌లో ఒక చర్చిలో సంతాప ప్రార్థన జరిగింది. పెట్టించింది ఎవరో తెలుసా? గాంధీగారికి ఉత్తరం రాసిన ఆ బిషప్ బెల్. అప్పటిదాకా శత్రువుగా ఉన్న జర్మనీ మనిషి కోసం, యుద్ధం ముగిసి మూడు నెలలైనా కాకముందే, లండన్‌లో ప్రార్థన. బీబీసీ దాన్ని ప్రసారం చేసింది. బెర్లిన్‌లో ఇంట్లో కూర్చుని ఆ ముసలివాళ్లిద్దరూ రేడియో విన్నారు. డీట్రిష్ ఇక లేడని వాళ్లకి తెలిసింది అలాగే.

ఇంతసేపు ఓపికగా విన్నారు, అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్నలుంటే అడగండి, ఇక్కడే ఉంటాను.